ఏఐ కోడ్ రాస్తోంది సరే.. బగ్ వస్తే ఎవరిది?

ఏఐ టూల్ రాసిచ్చిన ఒక్క లైన్ నా రెండు రోజులు తినేసింది. బుకింగ్ పేజీలో చెక్-ఇన్ తేదీ చూపించాలి, అంతే పని. ప్రాంప్ట్ ఇచ్చాను, నిమిషంలో కోడ్ వచ్చింది. నా ల్యాప్‌టాప్‌లో టెస్టులన్నీ పాస్. వారం తర్వాత డాలస్ నుంచి కంప్లయింట్ వచ్చింది. మార్చి 1కి బుక్ చేస్తే స్క్రీన్ మీద ఫిబ్రవరి 28 కనిపిస్తోందట!

అసలు ఏం జరిగింది?

జావాస్క్రిప్ట్‌లో డేట్ ఆబ్జెక్ట్‌కి '2025-03-01' అని తేదీ మాత్రమే ఇస్తే, అది యూటీసీ ప్రకారం అర్ధరాత్రి అనుకుంటుంది. మన టైమ్ యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి ఇక్కడ అది మార్చి 1 ఉదయం 5:30, తేదీ మారదు. డాలస్‌లో మాత్రం అప్పటికి ఫిబ్రవరి 28 సాయంత్రం 6 గంటలే. అంటే హైదరాబాద్‌లో కూర్చుని మామూలుగా ఎన్నిసార్లు టెస్ట్ చేసినా ఈ బగ్ బయటపడదు.

తర్వాత అదే టూల్‌ని అడిగితే 'అవును, టైమ్‌జోన్ సమస్య' అని వెంటనే ఒప్పేసుకుంది. ఆ ప్రశ్న అడగాలని తెలుసుకోవడానికే నాకు రెండు రోజులు పట్టింది.

స్పీడ్ నిజంగా పెరిగిందా?

2021లో గిట్‌హబ్ కోపైలట్ ప్రివ్యూ వచ్చినప్పుడు అది మనం టైప్ చేస్తుంటే మిగతా కోడ్ సూచించేది. ఇప్పుడు కర్సర్, క్లాడ్ కోడ్ లాంటివి ఫైళ్లు వెతికి, మార్చి, టెస్టులు కూడా రన్ చేస్తున్నాయి. వచ్చిన కోడ్ చదవకుండానే ఓకే చేసే పద్ధతికి 2025లో ఆండ్రే కర్పతీ 'వైబ్ కోడింగ్' అని పేరు కూడా పెట్టారు.

అదే ఏడాది మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవమున్న ఓపెన్ సోర్స్ డెవలపర్లతో 246 పనులు చేయించింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకి 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. వాళ్లు మాత్రం 20 శాతం టైమ్ ఆదా అయిందనుకున్నారు! ఇది చిన్న స్టడీనే, పైగా వాళ్లకి బాగా తెలిసిన ప్రాజెక్టుల మీద చేసింది. అందరికీ ఇలాగే ఉంటుందని కాదు. కానీ 'ఫాస్ట్‌గా అయిపోయింది' అన్న ఫీలింగ్‌ని గుడ్డిగా నమ్మొద్దని మాత్రం చెబుతోంది.

నేనెలా వాడుతున్నాను?

ఫారమ్ వాలిడేషన్, రెజెక్స్, సీఎస్ఎస్ సర్దుబాట్లు ఏఐకే వదిలేస్తాను. నిజంగానే టైమ్ మిగులుతుంది. లాగిన్, పేమెంట్, తేదీలు ఉన్న చోట మాత్రం ప్రతి లైన్ చదువుతాను. అర్థం కాని లైన్ ఉంటే కమిట్ చేయను. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో సెన్సర్స్ ట్యాబ్ ఓపెన్ చేసి లొకేషన్ మారిస్తే టైమ్‌జోన్ కూడా మారుతుంది. ఈ ఫ్రీ టూల్ ముందే వాడుంటే నా బగ్ రెండు నిమిషాల్లో దొరికేది.

ఇప్పుడే కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు ఏఐని మానేయక్కర్లేదు. అది ఇచ్చిన కోడ్‌ని మీ ఫ్రెండ్‌కి లైన్ బై లైన్ వివరించగలరా లేదా ఓసారి చూసుకోండి. ఎక్కడ ఆగిపోయారో, అక్కడి నుంచి నేర్చుకోండి. ఎందుకంటే కోడ్ ఎవరు రాసినా కమిట్ మీద ఉండేది మీ పేరే, రాత్రి కాల్ వచ్చేది మీకే.