లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్చుకొనువారికి సందేహాల గ్రూపు

చిత్తూరు ప్రాంతమున జూన్, జూలై నెలలలో తోతాపురి కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు తరలునప్పుడు రైతు ఉత్పత్తిదారుల సంఘములలో లెక్క వ్రాయువారికి తీరిక ఉండదు. ఏ రైతు కాయ కాటాలో ఎంత తూగినది, సొమ్ము ఎంత రావలెను అన్నది ఏ రోజుకారోజు తేలవలెను. ఇందుకు లిబ్రేఆఫీస్ కాల్క్ అను సాఫ్ట్‌వేర్ చక్కగా పనికివచ్చును. 2010లో మొదలైన లిబ్రేఆఫీస్‌కు వెల లేదు. దాని కోడ్ అందరికిని తెరచియున్నది. తెలుగులోను దొరకును. అయితే వెల పెట్టి కొనని వస్తువుకు అంగడివాడు పూచీపడడు గదా! చిక్కు వచ్చినచో ఎవరిని అడుగవలెను?

ఒక చిక్కు చూడుడు. బరువు గడిలో "850" అని కాక "850 కిలోలు" అని వ్రాసితిరనుకొనుడు. కాల్క్ దానిని అంకెగా కాక మాటగా తీసికొనును. మొత్తము కట్టునప్పుడు ఆ గడిని విడిచిపెట్టును, తప్పు జరిగినదని చెప్పదు. ఆ రైతుకు 850 కిలోల సొమ్ము పోవును. తెలిసినవారికిది నిమిషము పని. కంట్రోల్, ఎఫ్8 మీటలు కలిపి నొక్కినచో అంకెలు నీలముగను, మాటలు నల్లగను కనిపించును. తెలియనివారు రాత్రంతయు కూర్చుండి, మరునాడు మరల చిట్టా పుస్తకము తీయుదురు.

ఇట్టి సాఫ్ట్‌వేర్ వాడువారు ఒకరికొకరు చెప్పుకొనుట కొత్త కాదు. 1988లో ఫిన్లాండులో పుట్టిన ఐ.ఆర్.సి. అను సంభాషణ పద్ధతిలో కొత్తవారు అడుగుటకు, పాతవారు చెప్పుటకు ప్రత్యేకముగా చోట్లు ఏర్పడినవి. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో అందరును చర్చించుకొను పుటకు రచ్చబండ అనియే పేరు.

మీరును ఇరుగుపొరుగు మండలముల సంఘములతో కలిసి టెలిగ్రామ్‌లో ఒక గ్రూపు పెట్టుకొనవచ్చును. ఆలస్యముగా చేరినవారికి పాత జవాబులు కనిపించునట్లు దానిలో అమర్చుకొన వీలున్నది. శుభోదయములకు, శ్రీవారి పటములకు వేరొక గ్రూపు ఉండవలెను. స్వామిపై భక్తి తక్కువై కాదు, వాటి క్రింద ప్రశ్న పూడిపోవునని చెప్పుచున్నాను.

అన్నిటికన్న ముఖ్యము వంతు. "అందరును చూచెదరు" అన్నచో ఎవరును చూడరు. చెరువు నీటికి వంతులున్నట్లే, పాలు పోసి వచ్చిన తరువాత 7 నుండి 9 గంటల వరకు దినమునకొకరు గ్రూపు చూడవలెను. జవాబు తెలియకున్నను "చూచితిని, రేపు కనుగొని చెప్పెదను" అనియైనను వ్రాయవలెను. ఏ పలుకును రాని ప్రశ్నతో కొత్తవారు వెనుదిరుగుదురు. "ఇది కూడ తెలియదా" అను మాట అంతకంటె చెరుపు. అది విన్నవారు మరల అడుగరు, తప్పు మొత్తముతోనే సొమ్ము పంచుదురు.

అడుగువారు ఏమి చేయబోయిరో, ఏమి వచ్చినదో వ్రాసి, తెర ఫోటో పెట్టవలెను. ఫోటో తీయుటకు ముందు ఆధార్, బ్యాంకు ఖాతా అంకెలు కాగితముతో కప్పవలెను. ఓటీపీ అడిగినవారు ఎవరైనను వెంటనే గ్రూపునుండి తొలగింపవలెను. జవాబు విడిగా ఫోనులో చెప్పక గ్రూపులోనే వ్రాసినచో పదిమందికి పనికివచ్చును. అను ఫాంట్లలో టైపు చేసిన పాత జాబితాలు కాల్క్‌లో పిచ్చి అక్షరములుగా కనిపించుట వంటివి మాటిమాటికి వచ్చును. యూనికోడ్‌కు మార్చు పద్ధతిని ఒకసారి వ్రాసి, గ్రూపు పైభాగమున పిన్ చేయవలెను.

కాయ కోతకు రాకమునుపే, ఏప్రిల్‌లో, నిరుటి కాటా రశీదులు పది తీసి కాల్క్‌లో ఎక్కించి చూడుడు. తేలని మొత్తమును ఆ సాయంత్రమే గ్రూపులో అడుగుడు.