బొమ్మకు ప్రాణం ఉంటుందా?

నిర్మల్‌లో నకాషీ కళాకారులు తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల పిండితో, రంపపు పొట్టుతో చేసిన ముద్దతో ముక్కలను అతికి, రంగులు వేస్తారు. అది కర్రే. ఆత్మ అందులో ఉండదు.

అయినా మా పిల్లల వార్డులో బొమ్మకు పేరుంటుంది, అలక ఉంటుంది, ఆకలి కూడా వేస్తుంది! "సిస్టరమ్మా, పిల్ల బొమ్మతోటి మాట్లాడుతున్నది, ఏమన్న సోకిందా?" అని తల్లులు అడుగుతుంటారు. ఏమీ సోకలేదమ్మా. చిన్నపిల్లలు ప్రాణం లేని వస్తువులకూ ప్రాణం ఉందనుకుంటారని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే 1920లలోనే వ్రాశారు. ఎదిగేకొద్దీ అది తగ్గిపోతుంది.

బొమ్మ చెప్పే మాట బిడ్డ మాటే. "బొమ్మకు కడుపు నొస్తున్నది" అంటే ముందు బిడ్డ కడుపు చూడండి. సూది మొదట బొమ్మకు వేసినట్లు చూపిస్తే చాలామంది పిల్లలు చెయ్యి చాపుతారు (అందరూ కాదు లెండి). జ్వరంతో ఉన్న బిడ్డ చేతిలోనుండి బొమ్మను గుంజుకోకండి, తాయెత్తుల కోసం తిరిగి రోజులు పోగొట్టకండి. మాసిన గుడ్డబొమ్మను ఉతికి, ఎండలో ఆరవేసి ఇవ్వండి. రంగు ఊడే కర్రబొమ్మను నోట్లో పెట్టనివ్వవద్దు.

బొమ్మతో కబుర్లు చెబుతూ, పిలిస్తే పరుగెత్తి వచ్చే బిడ్డ గురించి దిగులు వద్దు. మనుషులతో మాట మానేసి, పేరుపెట్టి పిలిచినా తిరిగి చూడకుండా, ఒకే బొమ్మను గంటల తరబడి తిప్పుతూ కూర్చునే బిడ్డను మాత్రం ఆలస్యం చేయక పిల్లల డాక్టరుకు చూపించండి.