వర్తకమున ధైర్యము

రైతుసోదరులారా! పంట పండించుటకు ధైర్యము వలయునని మీకు వేరుగఁ జెప్పనక్కరలేదు. పండినదానిని అమ్ముకొనుటకును ధైర్యము వలయునని గుజరాతునందలి ఖేడా జిల్లా పాడిరైతులు చూపిరి.

1945లో బొంబాయి నగరమునకు పాలు పంపు పథకమునుబట్టి, ఆ జిల్లాలో పాలు సేకరించు హక్కు ఒక ప్రైవేటు కంపెనీకే దక్కెను. లాభము దళారుల పాలయ్యెను. రైతులు వల్లభభాయి పటేలుగారిని ఆశ్రయింపఁగా, సంఘముగా నేర్పడి మీ పాలు మీరే అమ్ముకొనుఁడని ఆయన బోధించెను. 1946 జనవరి 4వ తేదీన సమర్ఖా గ్రామసభలో, కంపెనీకి పాలు పోయరాదని తీర్మానమయ్యెను. పదునైదు దినములు రైతులు పాలమ్మలేదు. రాబడి నిలిచినను పశువులకు మేత వేయక తప్పదు గదా! ఆ కష్టమునకు వారోర్చిరి, ప్రభుత్వము దిగివచ్చెను.

త్రిభువనదాసు పటేలుగారు ఊరూర సంఘములను గూర్చిరి. 1946 డిసెంబరు 14న జిల్లా సంఘము రిజిస్టరయ్యెను. 1948లో దినమునకు 250 లీటర్లతోఁ బని యారంభమయ్యెను. గేదెపాలతోఁ బాలపొడి చేయుట అసాధ్యమని విదేశ నిపుణులు పలికినను, కురియను, దలాయాగార్లు 1955 నాఁటికి దానిని సాధించిరి. అదియే నేఁటి అమూల్.

నాయకుని ధైర్యమునకు సభ్యుల నిలుకడయే మూలధనము. దళారి ఒక రూపాయి యెక్కువ చూపిననాఁడు సంఘమును విడుచువాఁడు, మఱునాఁడు ఆ దళారి చెప్పిన ధరకే తలయొగ్గవలయును.