ఈమెయి లెక్కడ నిలిచినది?



ఈమెయిలనగా మీట నొక్కిన తక్షణమే ఆవలివారి చెంత వాలునని లోకమున నొక నమ్మకము ప్రబలియున్నది. టెలిఫోనువలె ఇరుకొసలను ఒకే తీగ కలిపియుండుననియు, నడుమ నాగుటకు తావే లేదనియు పలువురు తలంతురు. ఈ తలంపు సరికాదు. ఈమెయిలు టెలిఫోనునకు చుట్టము కాదు, తపాలకు చుట్టము. మన పల్లెలో డబ్బాలో వేసిన కార్డు సబు పోస్టాఫీసునకును, అచ్చటినుండి రైలు తపాలా సంచిలోనికిని, పిదప చేరవలసిన యూరికిని మజిలీలు చేయుచు పోయినట్లే, ఈమెయిలును మజిలీలు చేయుచు పోవును. ఒక్కొక్క మజిలీలో దానిని పుచ్చుకొని, భద్రపరచి, ముందునకు పంపు యంత్రమునకు మెయిలు సర్వరని పేరు. మజిలీలు నాలుగైదున్నను సాధారణముగా కొన్ని సెకండ్లలో ముగియును గనుక అవి యున్న సంగతియే మనకు తెలియదు. ఎన్నడో యొకనాడు ఉదయము పంపినది సాయంకాలమునకు చేరినప్పుడే తెలియును.

అమెరికాలో రే టామ్లిన్‌సన్ అను నతడు 1971లో ఒక కంప్యూటరునుండి మరియొకదానికి ఉత్తరము పంపి, పేరునకును యంత్రమునకును నడుమ నిప్పుడు మనమందరము వ్రాయుచున్న ఆ చుట్టబెట్టిన 'ఎ' గుర్తును నిలిపెను. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ అను విద్వాంసుడు ఈ యుత్తరముల రాకపోకలకు నియమావళిని వ్రాసెను. ఎస్.ఎం.టి.పి. యని దానికి పేరు. పలుమారులు సంస్కరింపబడినను నేటికిని వ్యవహారము దానిమీదనే నడచుచున్నది. అందు వేగమునుగూర్చిన వాగ్దానము లేదు. ఉత్తరమును పుచ్చుకొన్న సర్వరు దానిని ముందువానికి అప్పగింపవలెను, లేదా అప్పగింపలేకపోతినని పంపినవానికి తెలుపవలెను. ఈ రెండును గాక మూడవ మార్గము లేదు. అడ్డంకి కలిగినచో అరగంటకు తక్కువ కాని యెడమిచ్చి మరల ప్రయత్నించుట మంచిదనియు, నాలుగైదు దినములవరకు పట్టు విడువరాదనియు 2008లో సవరింపబడిన నియమావళి చెప్పుచున్నది. కావున ఆలస్యమైన యుత్తరము పోయిన యుత్తరము కాదు. ఎక్కడనో యొక మజిలీలో వరుసలో కూర్చుండియున్నదన్నమాట.

ఈ సంగతి గ్రామమున తగవులు తీర్చు పెద్దల కెందుకని యడుగుదురేమో! కోల్డు స్టోరేజీలు, బియ్యపు మిల్లులు, విత్తనముల దుకాణములు సైతము నేడు ధరవరలను ఈమెయిలుమీదనే తెలుపుకొనుచున్నవి. గడువు దాటినచో బేరము పోవును. బేరము పోయినచో నెవరో యొకరిపై నింద పడును. ఆ నింద న్యాయమగునదియు, కానిదియు నిర్ణయించుటకు ఉత్తరము మీది ముద్రలను చదువ నేర్చియుండవలెను. అట్టి తగవొకటి కొంతకాలము క్రిందట నాయొద్దకు వచ్చినది.

గుంటూరు ప్రాంతమున మిరపకాయల యెగుమతి చేయు నొక చిన్న సంస్థ కలదు. పదిపన్నెండుగురు పనివారు, కార్యాలయములోనే యొక మూల గదిలో సొంత మెయిలు సర్వరు. ఒకనాడు మధ్యాహ్నము పండ్రెండు గంటలలోపల ధర తెలుపవలసియుండగా, ఆ యుత్తరము కొనుగోలుదారునకు నాలుగు గంటలు దాటిన పిదప ముట్టినది. బేరము చేజారినది. గుమాస్తా నా పూర్వశిష్యుడు. "పదిన్నర దాటగానే పంపితిని, మాస్టారూ" యని అతడును, "సాయంకాలము పంపి, గడియారమును వెనుకకు త్రిప్పి బొంకుచున్నాడు" అని యజమానియు వాదించుకొనిరి. యజమాని యతనిని పనినుండి తొలగింప నిశ్చయించియుండెను. ఇంటిలో ముసలితల్లి, చదువుకొను చెల్లెలు. అతని జీతమే ఆధారము.

నే నడిగినది ఒక్కటే: కొనుగోలుదారునికి ముట్టిన అసలు ప్రతి. ఇక్కడ నొక మెలకువ కలదు. సామాన్యముగా 'ఫార్వర్డు' చేసిన ప్రతిలో పాత ముద్రలు పోయి క్రొత్త ముద్రలు పడును. అది సాక్ష్యమునకు పనికిరాదు. అసలు ప్రతినే ఫైలుగా జతపరచి పంపుమని కోరవలెను. జీమెయిలువంటి వానిలో 'షో ఒరిజినల్' అను మాట నొక్కినచో, మామూలుగా కంటికి కానరాని పైవ్రాతలన్నియు తెరపై నిలుచును.

పూర్వము కవరు వెనుకవైపున చేరిన యూరి పోస్టాఫీసువారు తేదీ ముద్ర కొట్టెడివారు. వ్రాసినవాడు లోపల ఏ తేదీ వేసికొన్నను, ముద్ర నిజము చెప్పెడిది. ఈమెయిలునకును అంతే. అందు 'డేట్' అను పంక్తి పంపినవాని కంప్యూటరు వేసికొన్నది. దానిని నమ్మి తీర్పు చెప్పరాదు. 'రిసీవ్డ్' అని మొదలగు పంక్తులు మాత్రము ఒక్కొక్క మజిలీ సర్వరు తాను పుచ్చుకొన్న వేళను తానుగా కొట్టిన ముద్రలు. క్రొత్త ముద్ర పాతదానిపైన పడును. అందుచేత వానిని క్రిందినుండి పైకి చదువవలెను. మోసగాండ్రు పంపు ఉత్తరములలో అడుగు పంక్తులను కల్పించుటయు కలదు. తెలిసిన సర్వరు కొట్టిన ముద్రనుండి పైవానినే లెక్కకు తీసికొనవలెను.

మా తగవులోని యుత్తరమున అడుగు ముద్ర ఆ సంస్థ సర్వరుది: 10:42:07, దాని ప్రక్కన +0530. దానిపైన కొనుగోలుదారుల సర్వరు ముద్ర: 10:35:51, దాని ప్రక్కన +0000. యజమాని దీనిని చూచి గట్టిగా నవ్వెను. "చూచితిరా, మాస్టారూ! పంపుటకు ముందే చేరినదట! ఇంతకన్న దొంగతన మెక్కడ నున్నది?" అనెను.

పంచాంగము చూచు నలవాటు గలవారికి ఇందలి చిక్కు వెంటనే విడిపోవును. దేశాంతర సంస్కారము చేయక రెండూళ్ళ ఘడియలను పోల్చరాదు గదా! మన దేశములోనే 1906 జనవరి 1వ తేదీన ప్రామాణిక కాలము అమలునకు వచ్చుటకు పూర్వము, రైళ్ళు మద్రాసు కాలమున నడచుచుండగా కలకత్తాలోను బొంబాయిలోను వేరువేరు కాలములుండెడివి. +0530 అనగా మన ప్రామాణిక కాలము. +0000 అనగా గ్రీనిచ్ రేఖను బట్టి లెక్కించు సార్వత్రిక కాలము. రెండవదానికి ఐదుగంటల ముప్పది నిమిషములు కలిపినచో సాయంకాలము 4:05:51 అగును. అనగా గుమాస్తా చేతినుండి 10:42కే వెడలిన యుత్తరము, 5 గంటల 23 నిమిషముల 44 సెకండ్లు తన యజమాని సర్వరులోనే కూర్చుండెను.

యజమాని యంతటితో నొప్పుకొనలేదు. "మా సర్వరు గడియారమే తప్పు నడచినదేమో" యనెను. ఆక్షేపము న్యాయమైనదే. సర్వరు తాను చేసిన ప్రతి పనిని దినచర్యలో వ్రాసికొనును. దానిని లాగు అందురు. అందులో ఆ యుత్తరమును కొనుగోలుదారుల సర్వరునకు అప్పగించిన వేళ 4:05:51 అనియే యున్నది. ఆవలివారి ముద్రయు అదియే. ఒకరితో నొకరికి సంబంధము లేని రెండు గడియారములు సెకండుతో సహా ఏకీభవించినవి. సాయంకాలము సరిగా నున్న గడియారము, నడుమ నెవరును దానిని దిద్దలేదని లాగు చెప్పుచుండగా, ఉదయము మాత్రము తప్పెట్లుండును? గుమాస్తా నిర్దోషి యని తేలినది.

ఇక యుత్తర మేల నిలిచినదను ప్రశ్న మిగిలినది. సర్వర్లు ఒకదానితో నొకటి మూడంకెల సంఖ్యలతో మాటాడుకొనును. 2తో మొదలైనచో పని జరిగినదని యర్థము. 5తో మొదలైనచో ఆ పేరుగలవారు లేరనియో, మీ యుత్తరము మాకు వలదనియో ఖండితమైన నిరాకరణము. ఉత్తరము పంపినవానికి తిరిగివచ్చును. 4తో మొదలైనచో "ఇప్పుడు కాదు, మరల రండు" అని యర్థము. తపాలాజవాను తలుపునకు తాళమున్నదని వెడలి మరునాడు మరల వచ్చుట యీ 4 వంటిది. ఆలస్యములో పెద్దపాలు ఈ 4 అంకెలోనే యున్నది.

ఆ సంస్థ లాగులో కొనుగోలుదారుల సర్వరు ఆ యుత్తరమునకు పలుమార్లు 421 అని బదులు చెప్పియుండెను. మీ చిరునామానుండి ఉత్తరములు మితిమీరి వచ్చుచున్నవని దాని తాత్పర్యము. దినమునకు నూరు ఉత్తరములైన పంపని సంస్థకు మితిమీరుట యెట్లు? నిలిచిన యుత్తరముల వరుసను చూపుడని సర్వరు నడుగగా వేలకొలది పంక్తులు వెలువడినవి. అన్నియు లెక్కల శాఖలోని యొకరి పేర, పరభాషలో, ఊరుపేరు లేనివారికి వ్రాసినవి. ఎవడో దుర్మార్గుడు ఆమె సంకేతపదమును దొంగిలించి రాత్రికి రాత్రి ఈ చెత్తను పంపసాగెను. లోకములోని పెద్ద సర్వర్లు ఆ సంస్థను అనుమానించి ద్వారములు సగము మూసినవి. ఆ గుంపు వెనుక మన ధరల యుత్తరము చిక్కుపడినది.

మరియొక సంగతి. ఆ సంస్థవారు వాడునది పోస్ట్‌ఫిక్సు అను సర్వరు కార్యక్రమము. డచ్చి శాస్త్రజ్ఞుడు వీట్సె వెనెమా రచింపగా 1998లో లోకమునకు వెలువడినది. చిన్న సంస్థలలో విరివిగా కనబడును. ఉత్తరము తిరస్కృతమైనచో నిది మొదట ఐదు నిమిషములకు ప్రయత్నించును. ఉత్తరము వయస్సు పెరిగినకొలది విరామమును పెంచుచు పోవును. ఆ విరామము 4000 సెకండ్లను, అనగా గంటా ఆరు నిమిషముల నలుబది సెకండ్లను, రమారమిగా మించదు. అందుచేత అడ్డంకి తొలగినను ఉత్తరము వెంటనే కదలదు. తన వంతు గడియ వచ్చువరకు గంటసేపైనను నిలువవచ్చును. యజమాని మేనల్లుడు ఆనాడు సర్వరును రెండుమార్లు ఆపి నడిపించెనట. రెండవసారి నడిపించిన కొలది నిమిషములకు ఉత్తరము వెడలినది. "నా వైద్యము ఫలించినది" అని యతడు గర్వపడెను. ఇది కాకతాళీయ న్యాయము. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు నొక్కసారి జరిగినవి. యంత్రము నాపి నడిపించినను ఉత్తరము వంతు ముందునకు జరుగదు; లాగులో ఆ వంతు గడియ నాలుగు దాటిన పిదపనే యుండెను.

అన్నిటిని ఒక్కపెట్టున త్రోయుడని సర్వరునకు పదేపదే ఆజ్ఞ యిచ్చుటయు మంచిది కాదు. అనుమానించిన ద్వారపాలకుని నిమిషమునకొకసారి తట్టినచో వాని యనుమానము పెరుగును, తక్కిన యుత్తరములును వెనుకబడును. వరుసనంతయు తుడిచివేయుట మరింత కీడు. చెత్తతోపాటు నిజమైన యుత్తరములును నశించును. మొదట సంకేతపదము మార్చవలెను, పిదప ఆ యొక్క పేరుతో నున్నవానిని వేరుచేసి నిలిపి పరీక్షించి తొలగింపవలెను. అట్లే చేసిరి.

అన్ని యాలస్యములకు కారణ మిదియే యనుకొనరాదు. తర్కశాస్త్రములోని యన్వయవ్యతిరేకములే యిచ్చట మార్గము. ఇది యున్నప్పుడు అది యుండుట, ఇది లేనప్పుడు అది లేకుండుట చూడవలెను. క్రొత్తవారు వ్రాసిన మొదటి యుత్తరమే ఆలస్యమై, తరువాతివి వెంటనే వచ్చుచున్నచో, పుచ్చుకొను సర్వరు 'గ్రేలిస్టింగు' అను పద్ధతి నవలంబించుచున్నదని యూహింపవచ్చును. 2003లో ఇవాన్ హారిస్ దీనిని ప్రకటించెను. ముఖపరిచయము లేని సర్వరును "కొంతసేపటికి రమ్ము" అని త్రిప్పిపంపుట దీని కిటుకు. నిజమైన సర్వరు మరల వచ్చును. చెత్త పంపువాడు సామాన్యముగా రాడు. యుక్తి బాగుగనే యున్నది గాని, పెద్ద సంస్థలు రెండవసారి వేరొక యంత్రమునుండి పంపినచో దానినికూడ క్రొత్తవానిగనే యెంచి త్రిప్పిపంపును. ఆలస్యము గంటలకు ప్రాకును. గడువులతో వ్యాపారము చేయువారు ముఖ్యులైన కొనుగోలుదారుల పేరులను ముందుగనే ద్వారమున వ్రాయించి యుంచుట మేలు.

ఏ యూరికి పంపినను ప్రతి యుత్తరమును తడబడుచున్నచో, పేరును బట్టి చిరునామా చెప్పు డి.ఎన్.ఎస్. సర్వరు బదులు పలుకకున్నదేమో చూడవలెను. 452 అని బదులు వచ్చుచున్నచో ఆవలి యంత్రమున చోటు చాలలేదని యర్థము. ఉత్తరము వేళకు సర్వరు చేరియుండియు తెరపైకి రానిచో, ఆ కంప్యూటరు పదిహేను నిమిషముల కొకమారు మాత్రమే పెట్టె తెరచునట్లు అమర్చియుండవచ్చును; ఇందు సర్వరు తప్పేమియు లేదు. 2024 ఫిబ్రవరినుండి గూగులు, యాహూ సంస్థలు పంపువారి గుర్తింపు పత్రములను గట్టిగా నడుగుచున్నవి. ఈ పేరుతో ఉత్తరము పంపుట కీ యంత్రమున కధికారము కలదని చాటు నట్టి గుర్తింపు లేనివారికి జీమెయిలు ద్వారమున నాలస్యమో నిరాకరణమో తప్పదు.

ఇంతకును యజమానికి గుమాస్తామీద అనుమానము కలుగుటకు మూలమేమి? ఉత్తరము నిలిచిన సంగతిని సర్వరు ఆ యైదు గంటలలో నెవరికిని చెప్పలేదు. పోస్ట్‌ఫిక్సులో ఆలస్యమును తెలుపు హెచ్చరిక యొకటి కలదు. అయితే మొదటి యమరికలో దాని గడువు సున్న, అనగా హెచ్చరింపదు. ఐదు దినములు గడచి యుత్తరము తిరిగివచ్చువరకు పంపినవాడు నిశ్చింతగా నుండును. ఆ సంస్థవారు ఆ సున్నను చెరిపించి ఒక గంటయని వ్రాయించిరి. గుమాస్తా యిప్పటికిని ఆ కుర్చీలోనే యున్నాడు. ధరల యుత్తరము పంపిన పది నిమిషములకు కొనుగోలుదారునకు టెలిఫోను చేసి ముట్టినదా యని యడుగు పనికూడ అతనికే యొప్పగించిరి.