నత్త రాసే లాగ్ ఫైల్

మట్టిలో సీసం ఎంత ఉందో తెలియాలంటే గుప్పెడు మట్టి ల్యాబ్‌కి పంపితే చాలు అనుకుంటాం. కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని ఒక నంబర్ వస్తుంది. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామికవాడల మట్టిని ఇలాగే ఎక్స్‌రే పద్ధతిలో పరీక్షించి 2001లో ఒకటి, 2008లో ఒకటి పేపర్లు వేశారు. చాలా అవసరమైన పని అది. కానీ ఆ నంబర్ ఒక్కటే చూసి, ఆ నేలలో పండిన తోటకూర తినొచ్చా అంటే చెప్పలేం.

ఎందుకంటే మట్టిలో ఉన్న లోహమంతా కదలదు. మంగళగిరి చుట్టుపక్కల నల్లరేగడినే తీసుకోండి. బంక ఎక్కువ, సున్నం ఎక్కువ, క్షారగుణం. ఇలాంటి నేల సీసాన్నీ కాడ్మియాన్నీ గట్టిగా పట్టి ఉంచుతుంది. అదే లోహం అంతే మోతాదులో ఆమ్లగుణం ఉన్న ఇసుక నేలలో పడితే వేళ్ళకి తేలిగ్గా అందుతుంది. రిపోర్టులో మాత్రం రెండూ ఒకటే! మనకి కావలసింది ప్రాణుల ఒంట్లోకి ఎంత చేరుతోందన్న లెక్క. అక్కడ నత్త పనికొస్తుంది.

నత్త ఆకులు తింటుంది, వాటితోపాటు కాస్త మట్టీ మింగుతుంది, తడి చర్మంతో నేలకి అంటుకుని పాకుతుంది. ఇన్ని దారుల్లో వచ్చిన లోహం చాలావరకు జీర్ణగ్రంథిలో నిలవవుతుంది. అక్కడ మెటలోథయోనిన్ అనే చిన్న ప్రోటీన్ కాడ్మియాన్ని పట్టి కట్టేస్తుంది. దాంతో నత్త బతుకుతుంది, కాడ్మియమూ అక్కడే ఉండిపోతుంది. యూరప్‌లో తినే రోమన్ నత్తలో అయితే కాడ్మియానికి ఒక మెటలోథయోనిన్, రాగికి ఇంకొకటి. రాగి నత్తకి అవసరం మరి. మన రక్తంలో ఇనుము చేసే పని దాని రక్తంలో రాగి చేస్తుంది, అందుకే ఆ రక్తం నీలం. మా బ్రాంచి భాషలో చెప్పాలంటే మట్టి పరీక్ష స్క్రీన్‌షాట్, నత్త లాగ్ ఫైల్.

దీనికి పద్ధతి కూడా ఉంది. 2021లో ఐఎస్ఓ 24032 అనే ప్రమాణం వచ్చింది. శుభ్రమైన చోట పెంచిన, ఒకే వయసు నత్తల్ని చిన్న బోనుల్లో పెట్టి అనుమానం ఉన్న నేల మీద 28 రోజులు ఉంచుతారు. తర్వాత కడుపు ఖాళీ అయ్యేదాకా ఆగి, ఒంట్లో లోహం కొలుస్తారు. (నత్త బతకదు, పాపం.) మొదట్లో ఎంత ఉందో తెలుసు కాబట్టి పెరిగిందంతా ఆ నేల ఇచ్చిందే.

బెజవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కడతారు, పెయింట్లు వేస్తారు, బ్యాటరీలు విప్పుతారు. పాత బ్యాటరీ అంటే సీసం. అలాంటి చోట ఒక వరస బోనులు, ఊరికి దూరంగా పొలం గట్టున ఇంకో వరస పెట్టి పోల్చి చూడాలని నాకు గట్టిగా ఉంది. చిక్కు నత్త దగ్గరే. యూరప్ నత్తల్ని తెప్పించకూడదు. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చి కలకత్తా తోటలో వదిలిన ఆఫ్రికా నత్త ఇవాళ దేశమంతా కూరగాయల తోటలకి బెడద. పైగా అది ఎలుకల నుంచి వచ్చే ఒక నులిపురుగుని మోస్తుంది, అది మనిషి మెదడుదాకా వెళ్ళగలదు. అందుకని గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకండి. అయినా ఇక్కడ ఎలాగూ తిష్ఠ వేసింది కాబట్టి, కొత్త జాతిని తేవడం కంటే దాన్నే వాడుకోవడం మేలని నా అభిప్రాయం. నైజీరియాలో పరిశోధకులు పెద్ద నేల నత్తల్లో లోహాలు కొలుస్తూనే ఉన్నారు.

నత్తల్ని తినే జెముడుకాకి మన పొదల్లో మామూలే. నత్త దాచుకున్న కాడ్మియం అక్కడితో ఆగదు, దాని కడుపులోకీ వెళ్తుంది. బోనుల్లో నత్తలకి ఎంత ఎక్కిందో తెలిస్తే ఆ పిట్ట తిండిలో ఎంత ఉందో కూడా అంచనా వేయొచ్చు.