పాట కింద సన్న అక్షరాలు

డాలీ పార్టన్ రాసి పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ 1974లో వచ్చింది. అది ఎల్విస్ ప్రెస్లీకి నచ్చి తానూ రికార్డు చేస్తానన్నాడు. ఎల్విస్ నోట తన పాట అంటే ఏ రచయితకైనా పండగే. కాకపోతే ఆయన మేనేజరు టామ్ పార్కర్ ఒక ‘చిన్న’ షరతు పెట్టాడు. ప్రచురణ హక్కుల్లో సగం మాకు రాసివ్వాలన్నాడు. పార్టన్ ఇవ్వనంది, రికార్డింగు ఆగిపోయింది. ఆ రోజు ఏడ్చానని ఆమె తర్వాత చెప్పుకుంది. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడింది. ఊరూవాడా మోగింది. మోగినప్పుడల్లా రచయిత్రి వాటా పార్టన్‌కి చేరింది. ఏడ్చినందుకు గిట్టుబాటైందనే చెప్పాలి.

ఇలా ఒకరి పాటను ఇంకొకరు మళ్లీ పాడి రికార్డు చేసే కవర్ పాటల తగాదాలు అర్థం కావాలంటే ముందు ఒక ముడి విప్పుకోవాలి. మనం ‘పాట’ అని ఊరుకునేదాంట్లో చట్టానికి రెండు ఆస్తులు కనిపిస్తాయి. ఒకటి సాహిత్యం, బాణీ. రెండోది వాటిని ఎవరో పాడగా తీసిన రికార్డింగు. కవర్ చేసేవాళ్లు పాత రికార్డింగును ముట్టుకోరు. తమ గొంతు, తమ వాద్యాలతో కొత్తది తీసుకుంటారు, అది వాళ్లదే. సాహిత్యం, బాణీ మాత్రం ఎవరివి వాళ్లవే. అంచేత కవర్ ఎంత ఆడితే రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ అంత రావాలి. మొదట పాడి హిట్ చేసిన గాయకుడికి ఈ కవర్ మీద దమ్మిడీ రాదు. అభిమానులకు మింగుడుపడని సంగతి ఇదే.

రచయితను బతిమాలుకోకుండానే డబ్బు కట్టి కవర్ చేసుకునే ఏర్పాటు అమెరికాలో 1909 నాటిది. అప్పటి భయం తనంతట తాను వాయించుకునే పియానో గురించి. చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట ఎక్కిస్తే అది వాయించేది. ఆ చుట్టల వ్యాపారమంతా ఒకే కంపెనీ గుప్పిట్లోకి పోతుందేమోనని అక్కడి చట్టసభ మధ్యేమార్గం తీసింది. రచయిత ఒకసారి ఒకరికి ఒప్పుకుంటే, ఆపైన ఎవరైనా ప్రతికి 2 సెంట్లు కట్టి చేసుకోవచ్చు. దాదాపు 70 ఏళ్లు అది 2 సెంట్లుగానే ఉంది. రెండు ప్రపంచయుద్ధాలు జరిగాయి గానీ రేటు కదల్లేదు.

గొడవలు రేటు దగ్గర కన్నా, ఆ సెంట్లు ఎవరి జేబులో పడాలన్న దగ్గరే ఎక్కువ. రికార్డు మధ్య అతికించిన గుండ్రటి చీటీ మీద, పాట పేరు కింద సన్న అక్షరాల్లో ఎవరి పేరుంటే వాళ్ల జేబులో. ఆ పేరు తారుమారైతే ఏమవుతుందో సోలమన్ లిండా కథ చెబుతుంది.

లిండా దక్షిణాఫ్రికాలో జులూ గాయకుడు. జొహానెస్‌బర్గ్‌లో గాలో రికార్డు కంపెనీలో రికార్డులు పెట్టెల్లో సర్దే పని చేసేవాడు. ఈవెనింగ్ బర్డ్స్ అనే బృందంతో పాడేవాడు. 1939లో అదే కంపెనీ స్టూడియోలో వాళ్లు ‘ఎంబూబే’ అనే పాట రికార్డు చేశారు. కింద మగగొంతులు బరువుగా ఒకే మాట తిప్పితిప్పి పాడుతుంటే, పైన లిండా హెచ్చుస్థాయిలో గొంతెత్తాడు. మూడో టేకులో అప్పటికప్పుడు ఒక వరస అందుకున్నాడు. కొన్ని క్షణాల వరస. దాని విలువ ఆ గదిలో ఎవరికీ తెలియదు. హక్కులు కంపెనీకి రాసిచ్చినందుకు అతనికి ముట్టింది 10 షిల్లింగులు.

ఆ రికార్డు జానపద సేకర్త అలన్ లోమాక్స్ చేతుల మీదుగా అమెరికన్ గాయకుడు పీట్ సీగర్‌కి అందింది. భాష తెలియదు కాబట్టి చెవికి ఎలా వినబడిందో అలాగే రాసుకుని, ఆయన వీవర్స్ బృందం ‘విమోవే’ అని పాడింది. 1952లో అది హిట్. రచయిత పేరు పాల్ క్యాంప్‌బెల్ అని వేశారు. ఆయన ఎవరని వెతక్కండి, అలాంటి మనిషి లేడు. కర్త తెలియని జానపదాల మీద రాయల్టీ రాబట్టుకోవడానికి బృందమూ ప్రచురణకర్తా వాడుకున్న ఉత్తుత్తి పేరది. పాటకు నిజంగానే ఒక కర్త ఉన్నాడని తెలిశాక సీగర్ లిండాకు 1,000 డాలర్లు పంపాడు. రాయల్టీ కూడా పంపమని ప్రచురణకర్తకు చెప్పానన్నాడు. చెప్పడం నిజమే కావచ్చు, చేరడం అందుకు తగ్గట్టు లేదు.

1961లో జార్జ్ వైస్ అనే గీత రచయిత ‘విమోవే’కి ఇంగ్లీషు మాటలు కట్టాడు. లిండా మూడో టేకులో అందుకున్న వరసే ఆ మాటలకు బాణీ. టోకెన్స్ బృందం పాడిన ఆ ‘ది లయన్ స్లీప్స్ టునైట్’ అమెరికాలో నంబర్ 1 అయింది. చీటీ మీద ఈసారి వేరే పేర్లు పడ్డాయి. లిండా పేరు మాత్రం లేదు. 1962లో అతను మూత్రపిండాల జబ్బుతో పోయాడు. సమాధి మీద రాయి పడటానికి ఏళ్లు పట్టింది. 1994లో ‘ది లయన్ కింగ్’ సినిమాలోనూ ఆ పాట వినిపించింది.

2000లో రియన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా పాత్రికేయుడు ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో ఈ కథంతా రాశాక కదలిక వచ్చింది. ఓవెన్ డీన్ అనే న్యాయవాది 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టం దుమ్ము దులిపాడు. రచయిత బతికుండగా హక్కులు అమ్ముకున్నా, చనిపోయిన 25 ఏళ్లకు అవి వారసులకు తిరిగొస్తాయని అందులో ఉంది. 1962కి 25 కలిపితే 1987. అంటే ఒకప్పటి బ్రిటిష్ సామ్రాజ్యం మేర ఆ బాణీ, ‘లయన్ కింగ్’ రావడానికి ముందే లిండా కూతుళ్లదైపోయిందని వాదన. 2004లో ఆ సినిమా తీసిన డిస్నీ మీద దావా పడింది. అమెరికా కంపెనీని దక్షిణాఫ్రికా కోర్టు పరిధిలోకి లాగడానికి అక్కడ దానికున్న ట్రేడ్‌మార్కులను జప్తు చేయించారు. మిక్కీ మౌస్ కూడా జప్తు జాబితాకెక్కింది. 2006లో రాజీ కుదిరింది. పాట హక్కులున్న ప్రచురణ సంస్థ లిండాను సహ స్వరకర్తగా ఒప్పుకుని, పాత బాకీకీ రాబోయే రాయల్టీకీ సరేనంది.

ఈ కథలో ఒక దుర్మార్గుణ్ణి పట్టుకుని తిట్టేస్తే సరిపోదనిపిస్తుంది నాకు. సీగర్ మంచివాడే. పని చెడగొట్టింది ‘జానపదం’ అన్న ముద్ర. అది పడగానే పాట పోరంబోకు కింద జమ. ముందుగా పట్టా చేయించుకున్నవాడిదే రాజ్యం.

మన దగ్గరా 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ మీద ఇలాంటి రభసే జరిగింది. సాహిత్యం కింద సుద్దాల అశోక్‌తేజ పేరుంది. ఆ జానపదాన్ని సేకరించి టీవీ కార్యక్రమంలో పాడి వెలుగులోకి తెచ్చింది నేనేనని ఒక గాయని ముందుకొచ్చారు. ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించడంతో సద్దుమణిగింది. అయితే అది మర్యాదతో తీరిన పేచీయే. చట్టం పద్దుల్లో రచయిత ఉన్నాడు, స్వరకర్త ఉన్నాడు. పల్లెలు తిరిగి ఏరుకొచ్చినవాళ్లకు గడి లేదు.

సినిమా పాటలకు ఇంకో మెలిక. విడిగా ఒప్పందం లేకపోతే సినిమా కోసం కట్టిన పాట నిర్మాతదేనని సుప్రీంకోర్టు 1977లో తేల్చింది. అప్పటి నుంచి మన కవులు కూలి పుచ్చుకుని ఇంటికెళ్లేవాళ్లే. హిందీ సినీకవి జావేద్ అఖ్తర్ లాంటివాళ్లు గట్టిగా పోరాడాక, 2012 కాపీరైట్ చట్ట సవరణతో, థియేటరు ప్రదర్శన బయట వచ్చే రాయల్టీలో రచయిత వాటాను వారసులకూ కాపీరైట్ సొసైటీకీ తప్ప ఎవరికీ రాసివ్వడానికి వీల్లేకుండా చేశారు.

2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున నోటీసు వచ్చినప్పుడు తెలుగునాట చాలామంది నొచ్చుకున్నారు. ఆయన పాడిన పాట ఆయన పాడుకోవడానికి అడ్డేమిటన్నారు. స్టేజీ మీద పాడితే అది కవర్ రికార్డింగు కూడా కాదు, బహిరంగ ప్రదర్శన. దానికి వేరే లైసెన్సు, మామూలుగా నిర్వాహకులు తీసుకోవాల్సింది. బాణీ మీద గాయకుడికి హక్కు లేదు, అది బాలూ అయినా సరే. ఆ బాణీల హక్కు ఇళయరాజాదా, నిర్మాతలదా, క్యాసెట్ కంపెనీలదా అన్నది మద్రాసు హైకోర్టులో ఏళ్ల తరబడి నడిచిన మరో వ్యవహారం.

కవర్ సంగతి మన చట్టంలో 31సి సెక్షన్‌లో ఉంది. మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది గడిచి 5 ఏళ్లు నిండాలి. ముందుగా నోటీసివ్వాలి. ఏడాదికి కనీసం 50,000 ప్రతుల రాయల్టీ ముందే కట్టాలి. అట్ట మీద ఇది కవర్ అని రాయాలి. సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప పాటను మార్చకూడదు. దుప్పటి కట్టిన గదిలో గిటార్ పట్టుకుని పాడే పిల్లవాడు ఇవన్నీ చేస్తాడని చట్టం ఆశ. అతను చేసేది యూట్యూబ్‌లో పెట్టడం. అక్కడి యంత్రం బాణీ పోల్చుకుంటే ప్రకటనల డబ్బు హక్కుదారుగా నమోదైన కంపెనీకి మళ్లుతుంది. అందులో కవికి ఎంత ముట్టిందో కవే కనుక్కోవాలి.