మీకు తెలుసా? వెంటిలేటర్ తీశాక మంచినీళ్లకూ పరీక్షే!

ఐసీయూలో ప్రాణాపాయంతో ఉన్న రోగికి పది రోజుల్లో తొడ ముందుభాగం కండరం సగటున 18 శాతం దాకా కరిగిపోతుందట. కొవిడ్‌కి ఎంతో ముందే, 2013లో లండన్ పరిశోధకులు అల్ట్రాసౌండ్‌తో కొలిచి తేల్చిన లెక్క ఇది. మరి వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉన్న కొవిడ్ రోగుల సంగతి? ‘నెగెటివ్ వచ్చింది, ఇక ఇంటికి తీసుకెళ్లొచ్చు’ అన్న రోజునే కొందరికి బాత్రూమ్ దాకా నడవడానికీ ఇద్దరి సాయం కావాల్సి వచ్చింది.

నడక సరే, మింగడం? పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ నెత్తిన తడతాం. ఈ రోగుల్లో కొందరికి అసలు ప్రమాదం పొలమారకపోవడమే! గొంతులో రోజుల తరబడి గొట్టం ఉండటంతో అక్కడి స్పర్శ మొద్దుబారుతుంది. తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాదు. చివరికి న్యుమోనియా వచ్చాక గానీ సంగతి బయటపడదు. అందుకే గొట్టం తీయగానే గ్లాసు నోటికి అందించరు. స్పీచ్ థెరపిస్ట్ వచ్చి, చెంచాడు నీళ్లు పట్టి, గుటక ఎలా పడుతోందో, గొంతు బొంగురు పోతోందేమో చూస్తారు. ఈ థెరపిస్టులు మాటలే కాదు, మింగడమూ నేర్పుతారు. పలచటి నీళ్ల కన్నా జావలా చిక్కగా ఉన్నదే కొందరికి తేలిగ్గా దిగుతుంది.

ఆక్సిజన్ పెరగాలని గంటల కొద్దీ బోర్లా పడుకోబెట్టినప్పుడు భుజం దగ్గరి నరాలు నొక్కుకుపోయి, ఊపిరితిత్తులు కోలుకున్నా చెయ్యి లేవనివాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఫిజియోథెరపీ తప్పదు.

ఇలా కోలుకోవాల్సిన వాళ్ల కోసమే ఇంగ్లండ్‌లోని సర్రేలో, గాయపడ్డ సైనికులకు నడక నేర్పిన హెడ్లీ కోర్ట్‌లోనే 2020 మేలో కొవిడ్ రోగుల పునరావాస కేంద్రం తెరిచారు. దానికి క్రిమియా యుద్ధంలో సైనికులకు సేవ చేసిన జమైకా మహిళ మేరీ సీకోల్ పేరు పెట్టారు.

మనసు మాటేమిటి? మత్తులో ఉన్నప్పటి పీడకలలు చాలామందికి నిజంలాగే గుర్తుండిపోతాయి. డెన్మార్క్, స్వీడన్ లాంటి దేశాల్లో కొన్ని ఐసీయూల్లో నర్సులు, బంధువులు రోగి కోసం డైరీ రాస్తారు. నన్ను కట్టేసి హింసించారని నమ్మే మనిషికి, ఆ రోజు నర్సు చేతులు పట్టుకున్నది గొంతులో గొట్టం పీక్కోకుండా ఉండటానికేనని అందులో చదువుకుంటే తెలుస్తుంది.